మిక్సీ కోసం వచ్చినవారు మొక్కల కోసం ఉంటారా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల మా బల్ల మీదికి చేరిన ఉత్తరాలలో ఆరు, రాసినవారంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నట్టు, ఒకే సంగతిని అడిగాయి. ఆన్‌లైన్‌లో తాము నడుపుతున్న గ్రూపును పెంచడానికి పోటీలు పెట్టవచ్చా, బహుమతులు పంచవచ్చా, పంచితే ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది వాటి సారాంశం. ఆరూ తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచే వచ్చాయి. 2022లో పాత చిత్తూరు జిల్లా విడిపోయినా సందేహాలు మాత్రం విడిపోలేదన్నమాట. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను మిద్దె తోటల పెంపకంపై ఒక ఫేస్‌బుక్ గ్రూపు నడుపుతున్నాను. మూడేళ్ళలో సుమారు ఏడు వందల మంది చేరారు. నిరుడు దసరాకు, గ్రూపులో చేరి పోస్టు కింద పేరు రాసినవారిలో ఒకరికి లక్కీ డ్రా తీసి మిక్సీ ఇస్తామని ప్రకటించాను. పది రోజుల్లో సభ్యులు మూడు వేలకు చేరుకున్నారు. డ్రా తీసిన మరునాటి నుంచి జనం వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఉన్నవారు నోరు మెదపడం లేదు. అంతకుముందు రోజూ మాట్లాడుకునే పాతవారు కూడా తగ్గిపోయారు. మిక్సీకి నా చేతి డబ్బు నాలుగు వేలు పెట్టాను. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: పొరపాటు మిక్సీలోనే ఉందమ్మా. మీకు కావలసిన మనుషులు మిద్దె మీద ఉన్నారు, మీరు వేసిన ఎరేమో వంటింటిది. మిక్సీ అక్కరలేని ఇల్లు ఉండదు కాబట్టి, జన్మలో మట్టి ముట్టనివారికి కూడా మీ గ్రూపులో చేరడానికి ఒక కారణం దొరికింది. చేరడానికి అర నిమిషం, పేరు రాయడానికి మరో అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ తర్వాత వారికి మీతో పని లేదు. డ్రా అయ్యాక వెళ్ళిపోయినవారు మిమ్మల్ని మోసం చేయలేదు. మీరు అడిగినది చేశారు, బహుమతి రాలేదు, ఇంటికి వెళ్ళారు.

పాతవారు ఎందుకు తగ్గారన్నది ఇంతకంటే పెద్ద ప్రశ్న. ఆ పది రోజులలో మీ గ్రూపు తెరిచినవారికి ఏమి కనిపించి ఉంటుందో ఒకసారి ఊహించండి. "డన్", "నేను కూడా", "ఈసారి నాకే" అంటూ వందల కొద్దీ కామెంట్లు. వాటి అడుగున ఎక్కడో ఒక పాత సభ్యురాలు, వంగ ఆకు వెనుక దూదిలా తెల్లగా పట్టిన పిండినల్లిని ఫోటో తీసి పెట్టి, లీటరు నీటికి వేపనూనె ఎంత కలపాలని అడిగి ఉంటారు. ఆ సందడిలో ఎవరూ చూసి ఉండరు. రెండోసారీ అలాగే జరిగితే ఆవిడ మూడోసారి అడగరు. మీరు పోగొట్టుకున్నది నాలుగు వేల రూపాయలు కాదు, ఆవిడను.

దీనికి మరో కోణం కూడా ఉంది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పసిపిల్లల బడిలో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టమున్న పిల్లలను ఎంచుకొని మూడు జట్లుగా చేశారు. బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న యోగ్యతాపత్రం ఇస్తామని ఒక జట్టుకు ముందే చెప్పారు. రెండో జట్టుకు ఏమీ చెప్పకుండా, వేశాక అదే పత్రాన్ని ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఏ బహుమతీ లేకుండా పెన్నులను బల్ల మీద ఉంచి చూస్తే, ముందే ఆశ పెట్టిన జట్టు పిల్లలు బొమ్మలతో గడిపిన సమయం మిగతావారు గడిపిన దానిలో సుమారు సగమే ఉంది. చెప్పకుండా ఇచ్చిన జట్టుకు మాత్రం ఆసక్తి తగ్గలేదు. ఇష్టంతో చేసే పనికి ముందుగా వెల కడితే అది కూలి పనిలా అనిపిస్తుందని వారు తేల్చారు.

ఈ మాటను పుస్తకంలో చదివి నమ్మడం వేరు, అనుభవించి నమ్మడం వేరు. ఈ జవాబులు రాస్తున్న నేను కొంతకాలం ఒక పద్యాల వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్‌గా ఉన్నాను. ప్రతి ఉదయం ఎవరో ఒకరు పద్యంలో ఒక పాదాన్ని సమస్యగా ఇచ్చేవారు. సాయంత్రానికి పదిహేను, ఇరవై పూరణలు వచ్చేవి. కందం కుదరకపోతే మరొకరు సర్దేవారు, యతి తప్పితే పెద్దవారు మెత్తగా చెప్పేవారు. ఒక ఉగాదికి ఉత్సాహం పెంచుదామని, నెల రోజుల పాటు వారానికొక ఉత్తమ పూరణకు వెయ్యి రూపాయలు ప్రకటించాను. ఆ నెల పూరణలు రెట్టింపయ్యాయి. కానీ ఒకరి పద్యాన్ని మరొకరు సర్దడం ఆగిపోయింది, ఎందుకంటే పక్కవాడు ఇప్పుడు పోటీదారు. నెల ముగిశాక నేను మామూలుగా సమస్య ఇస్తే, ఎప్పుడూ అందరికంటే ముందు పూరించే ఒక మాస్టారు, "ఈ వారం బహుమతి లేదా సార్?" అని అడిగారు. పాపం, ఆయన వేళాకోళానికే అన్నారు. అయినా ఆ రోజు వచ్చినవి నాలుగే పూరణలు. గ్రూపు మళ్ళీ తన పాత నడకకు రావడానికి శ్రావణం దాకా పట్టింది.

అంటే బహుమతులే వద్దని కాదు. బహుమతి మీవారికి తప్ప మరెవరికీ పనికిరానిదై ఉండాలి; దానికోసం అడిగే పని మీ గ్రూపులో రోజూ జరగవలసిన పనే అయి ఉండాలి. మీకు దగ్గరి ఉదాహరణే చెబుతాను. చలికాలం వస్తే మన వైపు చిక్కుడు జాతి అనపకాయలు లేని ఇల్లుండదు. గింజలు నానబెట్టి పొట్టు పితికి పితికిపప్పు చేసుకుంటాము. కోస్తావారికి ఆనపకాయ అంటే సొరకాయ కనుక, మన మాట విని వారు తికమక పడతారు. మీరు మిక్సీకి పెట్టిన నాలుగు వేలతో, నాటు అనప విత్తనాలు, వాటికి తోడు మరో రెండు రకాలు పొట్లాలు కట్టి, తపాలా ఖర్చుతో కలిపి కవరుకు నలభై రూపాయలు వేసుకున్నా నూరు ఇళ్ళకు పంపవచ్చు. పోటీ ఇలా పెట్టండి: "మీ మిద్దె మీద ఈ వారం కాస్తున్న ఒక కూరగాయను ఫోటో తీసి, ఆ విత్తనం మీకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రెండు మూడు వాక్యాలలో రాయండి." మట్టి ముట్టనివారు ఇందులో పాల్గొనలేరు, పాల్గొనాలని అనుకోరు కూడా. పాల్గొన్నవారు రాసిందల్లా మిగతావారు చదువుకొనే సరుకవుతుంది. విత్తనాలు అందుకున్న నూరు మందీ మూడు నెలల తర్వాత, కాయ కాసిందనో, కాయలేదనో, కోతులు పీకేశాయనో చెప్పడానికి మళ్ళీ రావలసిందే. ఒక మిక్సీతో కథ ముగుస్తుంది, విత్తనంతో మొదలవుతుంది.

ఈ కిటుకు కొత్తదేమీ కాదు. చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తున్నవారు మీ ఇంట్లో ఉండే ఉంటారు. రెండు ఫోటోలు, రెండింటికీ పొంతన కుదిరేలా రెండు చిన్న వ్యాఖ్యలు, ఒక పోస్టుకార్డు. బహుమతి సొమ్ము చిన్నదే అయినా పేరు అచ్చులో కనబడేది. రాసినా రాయకున్నా, గెలిచినా గెలవకున్నా, ఎవరి వ్యాఖ్య గెలిచిందో చూడటానికి అందరూ ఆ పేజీ తిప్పేవారు. అలాగే 2015 నుంచి వికీపీడియాలో ఏటా నవంబరులో ఆసియా మాసం జరుగుతోంది. ఆ నెలలో ఆసియా గురించి కనీస సంఖ్యలో కొత్త వ్యాసాలు రాసినవారికి ఇచ్చేది ఆసియాలోని మరో సముదాయం పంపే ఒక పోస్టుకార్డు. వికీపీడియాలో రాయనివారు ఆ కార్డును ఏమి చేసుకుంటారు?

ఇక ఇప్పుడు మిగిలినవారి సంగతి. వెళ్ళేవారిని వెళ్ళనివ్వండి, వారిని ఆపడానికి మరో మిక్సీ కొనకండి. మాట్లాడనివారిని చూసి మరీ దిగులుపడవద్దు. ఆన్‌లైన్ సముదాయాలలో నూటికి తొంభై మంది చదివి ఊరుకుంటారని, తొమ్మిది మంది అప్పుడప్పుడు రాస్తారని, ఎక్కువ భాగం రాసేది ఒక్కరేనని వెబ్‌సైట్ల వాడకంపై పరిశోధన చేసే యాకబ్ నీల్సన్ 2006లో ఒక స్థూలమైన లెక్క చెప్పారు. మూడేళ్ళుగా మీతో ఉన్న ఏడు వందల మందిలో రోజూ పలికినవారు ఎందరో లెక్కపెట్టి చూడండి, ఆ లెక్కకు దగ్గరగానే ఉంటుంది. ముందుగా తగ్గిపోయిన ఆ పాతవారికి విడివిడిగా ఫోను చేయండి. తర్వాత ఎప్పుడైనా పోటీ పెడితే, అది ముగిసిన రోజున సభ్యుల సంఖ్య చూడకుండా నెల రోజులు ఆగి, బహుమతి లేని మామూలు రోజులలో నోరు విప్పిన కొత్తవారు ఎందరో లెక్కించండి. మీరు పెట్టిన ఖర్చును ఆ సంఖ్యతో భాగిస్తే పోటీ ఫలించిందో లేదో తేలుతుంది.

ప్రశ్న: నాకు రాయలసీమ వంటల వీడియో చానల్ ఉంది. మా ఊరి వెండి దుకాణంవారు ఒక కుంకుమభరిణె ఇస్తాము, మా పేరు చెప్పి బహుమతిగా పంచండి అన్నారు. సబ్‌స్క్రైబ్ చేయాలి, ఫేస్‌బుక్‌లో తమ గోడ మీద షేర్ చేయాలి, ముగ్గురు స్నేహితులను ట్యాగ్ చేయాలి అని నిబంధనలు పెట్టాలనుకుంటున్నాను. అందరూ ఇలాగే పెడుతున్నారు కదా?
– ఒక పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: అందరూ పెడుతున్నారు, అందరూ నిబంధనలు మీరుతున్నారు. పోటీలో చేరడానికి తమ టైమ్‌లైన్ మీద షేర్ చేయాలని గానీ, స్నేహితులను ట్యాగ్ చేయాలని గానీ షరతు పెట్టకూడదని ఫేస్‌బుక్ తన నియమాలలో స్పష్టంగా రాసుకుంది. పోటీతో ఫేస్‌బుక్‌కు సంబంధం లేదని ప్రకటనలో చెప్పమని కూడా అడుగుతుంది. ఫోటోలో లేని మనుషులను ఆ ఫోటోలో ట్యాగ్ చేయమని అడగటాన్ని ఇన్‌స్టాగ్రామ్ ఒప్పుకోదు. పోటీలో చేరడానికి రుసుము ఉండకూడదని, పోటీ పేరుతో వీక్షణలను, లైకులను, సబ్‌స్క్రైబర్ల సంఖ్యను కృత్రిమంగా పెంచకూడదని యూట్యూబ్ అంటుంది. మీ పోటీ ఎవరి కంటా పడకపోవచ్చు; పడినరోజు మీరు ఇన్నాళ్ళుగా వండి పెట్టుకున్నదంతా వారి చేతిలో ఉంటుంది. భరిణె కోసం అంత సాహసం అక్కరలేదు.

నియమాల మాట అటుంచినా ట్యాగ్ చేయించడం మర్యాదైన పని కాదు. పెళ్ళికి పిలవని ఇంటికి వెళ్ళి తలుపు తట్టినట్టు ఉంటుంది, పైగా ఆ తట్టేది మీరు కాదు, మీ మీద అభిమానమున్న వీక్షకురాలు. ఆవిడ మేనత్తకు, ఆఫీసులో పై అధికారికి, ఎప్పుడో కలిసి చదువుకున్న స్నేహితురాలికి మీ చానల్ పేరుతో చిరాకు కలిగించి వస్తుంది.

సబ్‌స్క్రైబ్ చేయమని వీడియో చివర మామూలుగా అడగండి, దానిని పోటీకి ముడిపెట్టకండి. పోటీలో అడగవలసింది మీ వంటకు సంబంధించినదే కావాలి. రాగిసంగటిలోకి మీ ఇంట్లో ఏమి నంచుకుంటారు, మీ అవ్వ ఊరుబిండి ఎలా నూరేది, కామెంటులో రాయమనండి. ఒకరు రోటిలో నూరితేనే ఊరుబిండి అంటారు, ఇంకొకరు వేరుశనగలు మరీ మెత్తబడితే అది పచ్చడే గానీ ఊరుబిండి కాదని వాదిస్తారు. మీకు రాబోయే ఆరు నెలలకు సరిపడా వీడియోలు ఆ కామెంట్లలోనే దొరుకుతాయి. కామెంటు పెట్టినవారినే పేరు పెట్టి పిలిచి, వారి పద్ధతిలో వండి చూపిస్తే, అది వెండి భరిణెకు తక్కువ బహుమతేమీ కాదు.

దుకాణంవారి పేరు చెప్పడంలో తప్పు లేదు, ఉచితంగా ఇచ్చారన్న సంగతి దాచడంలోనే తప్పుంది. సామాజిక మాధ్యమాలలో ఇలాంటి ప్రచారాన్ని ప్రకటనగా తెలిసేలా చూపాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో మార్గదర్శకాలు విడుదల చేసింది. "ప్రకటన" అన్న మాటను వీడియో మొదట్లోనే, తెలుగులోనే, కళ్ళకు కనబడేంత అక్షరాలలో వేయండి.

ప్రశ్న: మా కాలనీ వాట్సాప్ గ్రూపులో సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టి, ఫోటోలకు ఎక్కువ లైకులు వచ్చినవారిని విజేతగా ప్రకటించాము. మూడు కుటుంబాల మధ్య మాటలు లేకుండా పోయాయి. వచ్చే ఏడు పోటీ మానుకోవడమే మంచిదా?
– కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, తిరుపతి

జవాబు: పోటీ మానుకోవద్దు, లైకులు మానుకోండి. లైకులతో తేలేది ముగ్గు నేర్పు కాదు, బంధువుల సంఖ్య. ఎవరికి ఇద్దరు అన్నదమ్ములు, నలుగురు వదినెలు, బెంగళూరులో ఒక ఆఫీసు నిండా స్నేహితులు ఉంటే వారు గెలుస్తారు. రాత్రి పన్నెండు గంటలకు ఫోన్లు చేసి లైకులు అడుక్కోవడం, ఆ అడుక్కోవడాన్ని మరొకరు స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడం, అక్కడి నుంచి తగాదా మొదలవడం మీ ఒక్క కాలనీలో జరిగినది కాదు.

మీ ఉత్తరంతో పాటు పంపిన ఫోటోలు చూశాము. మొదటి బహుమతి పొందినది రంగులతో నింపిన పెద్ద నెమలి, చూడగానే కళ్ళు పడతాయి. నాలుగో స్థానంలో నిలిచినది, పదిహేను చుక్కలు పెట్టి ఎనిమిదికి దించిన మెలికల ముగ్గు. సందు చుక్కలతో వేసిన ఆ ముగ్గులో గీత ఎక్కడా తెగలేదు, ఏ చుక్కనూ తాకలేదు, పేడ కళ్ళాపి మీద తెల్లపిండి మందం మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున ఉంది. ఫోను తెరపై బొటనవేలు జరుపుతూ చూసేవారికి ఆ నేర్పు కనబడదు. ముగ్గు పెట్టడం తెలిసినవారు వాకిలి ముందు నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

కాబట్టి వచ్చే ఏడు ముగ్గుపిండి పట్టిన చేతులున్న పెద్దావిడలను ఇద్దరిని, వీలైతే పక్క కాలనీ నుంచి, న్యాయనిర్ణేతలుగా పిలవండి. ఫోటోలకు పేర్లు తీసివేసి అంకెలు వేసి వారికి చూపండి. చుక్కల ముగ్గులకు వేరుగా, రంగవల్లులకు వేరుగా, పదేళ్ళలోపు పిల్లలు వేసినవాటికి వేరుగా బహుమతులు పెడితే నెమలి, మెలిక ఒకదానితో ఒకటి తలపడవు. లైకులు వద్దంటే జనం నొచ్చుకుంటారనిపిస్తే, "కాలనీ మెచ్చిన ముగ్గు" అని ఒక చిన్న బహుమతిని వాటికి వదిలేయండి, దాని విలువ మిగతావాటికంటే తక్కువగా ఉంచండి. ఇప్పుడు మాటలు లేని ఆ మూడు కుటుంబాలలో ఒక ఆవిడను పిల్లల విభాగం చూసుకోమని అడిగి చూడండి.

ప్రశ్న: మేము నలుగురం కలిసి కలంకారీ అభిమానుల ఆన్‌లైన్ గ్రూపు నడుపుతున్నాము. సభ్యుల నుంచి తలా యాభై రూపాయలు వసూలు చేసి, డ్రా తీసి, ఒకరికి చేత్తో వేసిన పట్టుచీర ఇవ్వాలనుకుంటున్నాము. చీర ఖరీదు ఇరవై వేలు. చట్టపరంగా ఇబ్బందులు ఉన్నాయా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ఉన్నాయి, ఆ యాభై రూపాయల దగ్గరే ఉన్నాయి. డబ్బు కట్టించుకొని, గెలుపును అదృష్టానికి వదిలి, బహుమతి ఇస్తే, మీరు దానికి ఏ పేరు పెట్టినా అది లాటరీయే. 1998 లాటరీల నియంత్రణ చట్టం ప్రకారం లాటరీ నడిపే హక్కు రాష్ట్ర ప్రభుత్వాలకే ఉంది. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ తీయడానికి స్థలం నడిపినవారికి ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చని, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 297వ సెక్షన్ చెబుతుంది. గుడి తిరునాళ్ళలో చీటీలు అమ్మి డ్రా తీయడం మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నాము కదా అనవచ్చు. చూస్తున్నాము, చట్టం ఒప్పుకున్నందువల్ల చూడటం లేదు.

ప్రవేశ రుసుము తీసివేయండి. అదృష్టం కూడా తీసివేసి నేర్పుకు బహుమతి ఇస్తే మరీ మంచిది.

పన్ను సంగతి కూడా ముందే తెలుసుకోండి. లక్కీ డ్రాలో గెలిచినది 10,000 రూపాయలు దాటితే, ఇచ్చేవారు 30 శాతం పన్నును మూలంలోనే మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. బహుమతి డబ్బు కాక వస్తువైతే, పన్ను కట్టినట్టు నిర్ధారించుకున్న తర్వాతే దానిని అప్పగించాలి. మీ ఇరవై వేల చీరకు ఆరు వేలు పన్ను. గెలిచినావిడకు సంతోషవార్తతో పాటు ఆరు వేల బిల్లు కూడా చెప్పడం బాగుండదు, మీరు కట్టాలంటే మీకే భారం. ఒక పెద్ద చీరకు బదులు వెయ్యి రూపాయల లోపు ఖరీదు చేసే చిన్న కలంకారీ గుడ్డలు ఇరవై ఇవ్వండి. పన్ను తలనొప్పి ఉండదు, గెలిచినవారూ ఇరవై మంది అవుతారు.

పోటీగా ఏమి అడగాలంటే, మీ చేతిలో బంగారం లాంటి అంశం ఉంది. ఒక వారం రెండు గుడ్డల దగ్గరి ఫోటోలు పెట్టండి. ఒకటి వెదురు కలంతో వేసినది, ఇంకొకటి స్క్రీన్ ప్రింటు. ఏది ఏదో చెప్పి, ఎలా గుర్తుపట్టారో రాయమనండి. కలంతో వేసిన గీత మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుందని, ప్రింటులో ఒకే పువ్వు అచ్చుగుద్దినట్టు మళ్ళీ మళ్ళీ వస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. ఇంకో వారం నల్లరంగు ఎలా తయారవుతుందని అడగండి. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి రోజుల తరబడి నానవేసిన నీరు అని చెప్పగలిగినవారు, గుడ్డను ముందుగా కరక్కాయ కలిపిన పాలలో ఎందుకు తడుపుతారో వివరించగలిగినవారు ఆ గ్రూపులో ఉండవలసినవారు. ప్రింటును కలంకారీ అని అమ్ముతున్న ఈ రోజుల్లో, అలా నాలుగు వారాలు గడిస్తే మీ సభ్యులు కొట్లో మోసపోరు. ఆ పేరే మీ గ్రూపుకు కొత్తవారిని తెస్తుంది.

ప్రశ్న: మేము డ్రా నిజాయితీగానే తీశాము. అయినా అడ్మిన్ చుట్టానికే ఇచ్చుకున్నారని అన్నారు. దీనికి తోడు ఎవరో మా గ్రూపు బొమ్మ పెట్టుకొని నకిలీ ఖాతా తెరిచి, మీరు గెలిచారు, కొరియర్ ఖర్చు పంపండి అని సభ్యులకు సందేశాలు పంపారు. ఏమి చేయాలి?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: తిరుపతిలో ఉండి డ్రా ఎలా తీయాలని అడుగుతున్నారు! తిరుమలలో సుప్రభాతం, తోమాల, అర్చన వంటి సేవలకు ఎలక్ట్రానిక్ డిప్ తీస్తారు కదా. నమోదు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఫలితం ఏ రోజు, ఎంపికైనవారు ఏ గడువులోగా ఏమి చేయాలి అన్నవి ముందే ప్రకటిస్తారు. రాలేదని బాధపడేవారు లక్షల్లో ఉన్నా, ఎప్పుడు ఏమి జరుగుతుందో తెలియక బాధపడేవారు ఉండరు. మీరూ ఆ పద్ధతినే పాటించండి. గడువు ముగిసిన వెంటనే అర్హుల పేర్లకు వరుస సంఖ్యలు వేసి ఆ జాబితాను గ్రూపులో పెట్టండి, తమ పేరు లేనివారు చెప్పడానికి ఒక రోజు ఇవ్వండి. తర్వాత ప్రత్యక్ష ప్రసారంలో, గ్రూపులో అడ్మిన్ కాని ఒక సభ్యుడి చేత స్టీలు గిన్నెలో నుంచి చీటీ తీయించండి. అడ్మిన్లు, వారి ఇంటివారు పోటీకి అనర్హులని మొదటి ప్రకటనలోనే రాయండి. ఫలితాన్ని దాచడం అసలే కూడదు. కానుకల పథకం ముగిశాక తుది ఫలితాన్ని పాల్గొన్నవారికి తెలియనివ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల కింద చేర్చింది. మీది వ్యాపారం కాకపోయినా ఆ మర్యాద మంచిదే.

నకిలీ ఖాతా విషయంలో, "గెలిచినవారిని మేము ఎన్నడూ డబ్బు అడగము, ఓటీపీ అడగము, ఫలితం గ్రూపులో తప్ప విడి సందేశాలలో చెప్పము" అన్న వాక్యాన్ని పోటీ ప్రకటనలో మొదటి వరుసలోనే ఉంచండి. ఎవరైనా డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాలపై ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేయమనండి. గెలిచినవారి చిరునామా తప్ప ఆధార్ వంటివి అడగకండి, కవరు చేరాక ఆ చిరునామాను కూడా చెరిపేయండి. సభ్యులలో పద్దెనిమిదేళ్ళలోపు వారుంటే వివరాలు తల్లిదండ్రుల ద్వారానే తీసుకోండి; 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది.

ప్రశ్న: మా మట్టిబొమ్మల గ్రూపులో ఎనభై నాలుగు మందే ఉన్నాము. పోటీ పెడితే పెరుగుతామా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: ఇప్పుడే వద్దు. ఎనభై నాలుగు మందిలో పాల్గొనేది అయిదారుగురైతే, పోటీ వెలితిగా కనబడి ఉన్నవారికే నీరసం వస్తుంది. ఈ మూడు నెలలు ప్రతి ప్రశ్నకు అదే రోజు జవాబు అందేలా చూడండి. ఎవరికీ ముందుగా చెప్పకుండా, ఆ నెలలో ఎక్కువమందికి సాయపడిన ఒకరికి మీ చేత్తో చేసిన దీపపు ప్రమిదో, చిన్న గుర్రమో పంపండి. అందుకున్నాక వారే ఫోటో తీసి గ్రూపులో పెడతారు, పెట్టమని మీరు అడగవద్దు. మట్టి వస్తువు కాబట్టి లోపల గడ్డి గట్టిగా కూరి, రెండు అట్టపెట్టెలు ఒకదానిలో ఒకటి పెట్టి పంపడం మాత్రం మరచిపోకండి.